టర్నరు గారు కంప్యూటరుకి పదును పెట్టిన వైనం

మూత బిగించి ఉన్న వస్తువు కంటబడితే టర్నరు గారికి ముద్ద దిగదు. లోపల ఏముందో చూడాలి. చూశాక అది ఎందుకలా ఉందో తెలుసుకోవాలి. తెలుసుకున్నాక, ఇంకాస్త జోరుగా తిరిగేలా చెయ్యగలమేమో అని ఓ చెయ్యి వెయ్యాలి. చూడ్డం దాకా బాగానే ఉంటుంది, తెలుసుకోవడమూ పరవాలేదు. ఆ చెయ్యి వెయ్యడం దగ్గరే ఇంట్లోవాళ్ళ ప్రాణం మీదికి వచ్చేది.

ఆయన ఉద్యోగమంతా ఇనుముని గిర్రున తిప్పి చెక్కే లేతు మిషను ముందే గడిచింది. పెద్ద రేకుల షెడ్డు, వరసగా లేతులు, వాటి వెనక ఇనుము కోసే మిషన్లు, ఓ మూల ఎప్పుడూ ఆగని సుత్తిపోట్లు. ఆ షెడ్డులో నోటితో మాట్లాడుకోవడమనే అలవాటు ఎవరికీ లేదు. వేలు పైకెత్తితే స్పీడు పెంచమని, అరచెయ్యి కిందికి దించితే తగ్గించమని, పిడికిలి బిగిస్తే ఆపమని. ఎదుటివాడి పెదాలు కదిలితే తల ఊపడం, అంతే. చెవుల్లో ఏదైనా పెట్టుకోండయ్యా అని ఒకరిద్దరు చెప్పకపోలేదు. "మిషను గొంతు వినకుండా పని చేసేవాడు టర్నరేంటండీ!" అని ఈయన కొట్టిపారేశారు. ఏం చెప్పాలి అలాంటి మనిషికి?

రిటైరై ఇంటికొచ్చాక మిక్సీ అయింది, గోడ గడియారం అయింది, కుట్టుమిషను అయింది, స్నానాల గదిలో కుళాయి రెండుసార్లయింది. "ఏమండీ, ఈ ఇంట్లో మీరు విప్పకుండా మిగిలిన వస్తువు నేనొక్కదాన్నే" అనేది భార్య. ఆయన నవ్వి తల ఊపేవారు.

ఇక కోడలి సంగతి. "మా కోడలు బంగారమండీ. నోట్లో నాలుక లేదు. ఇంట్లో మనిషి ఉందో లేదో కూడా తెలీదు" అని టర్నరు గారు కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవారు. విన్నవాళ్ళు తెల్లమొహం వేసేవారు. వెయ్యరూ మరి? ఆ పిల్ల బస్టాండులో అనౌన్సరుగా చేసింది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో ఊరంతా ఆవిడ గొంతు వినే తెలుసుకుంది. తప్పిపోయిన పిల్లలు ఆ గొంతు పుణ్యమా అని తల్లుల ఒళ్ళో పడ్డారు. అలాంటి కంచుకంఠాన్ని పట్టుకుని నోట్లో నాలుక లేదంటే ఎవరికైనా నవ్వొస్తుంది. "బయట మాట్లాడితే మాట్లాడింది, ఇంట్లో పెద్దల ముందు పెదవి విప్పదు" అని దానికీ ఓ సమాధానం ఉండేది ఆయన దగ్గర.

తరవాత బస్టాండు వాళ్ళు ముందే రికార్డు చేసి పెట్టుకున్న మాటల్ని అతికించి పలికే మిషను ఒకటి తెచ్చుకున్నారు. కోడలిని ఇంటికి పంపేశారు. వాళ్ళాయన, అంటే టర్నరు గారి కొడుకు, ఓడ మీద ఉద్యోగి. నెలల తరబడి సముద్రం మీదే ఉంటాడు. పిల్ల బెంగెట్టుకుంటుందేమోనని అత్తగారు హడలిపోయింది గానీ, ఆ పిల్ల ఊరుకునే రకం కాదు. చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేయించే సంస్థ ఒకటుందని తెలుసుకుంది. ముందు నమూనాగా ఒక అధ్యాయం చదివి పంపాలి. నచ్చితే ఇక వరసగా పుస్తకాలు ఇస్తారు.

వెనక గది ఖాళీ చేసింది. కిటికీలు మూసి, సందుల్లో పాతబట్టలు కుక్కి, గోడలకి దుప్పట్లు వేలాడదీసి, బల్ల మీద మైకు పెట్టుకుంది. కంప్యూటరు మాత్రం మొగుడు కాలేజీ రోజుల్లో ఆటలాడుకోవడానికి కొనుక్కున్న పాతది. చదువుతూ చదువుతూ ఉండగా అది ఉక్కిరిబిక్కిరై, మధ్యలో మాట మింగేసేది. చదివినదాన్ని రొద తీసి శుభ్రం చెయ్యమంటే సగం పూట గుడ్లప్పగించి కూర్చునేది. ఓ రోజు కోడలు విసిగిపోయి, మామగారి ఎదురుగా నిలబడి గట్టిగానే అంది: "ఇది ముసలిదైపోయింది మామయ్యా, ఇంక పనికిరాదు!"

ఆ మాట టర్నరు గారికి స్పష్టంగా వినబడింది. రోషమూ వచ్చింది.

"ముసలిదైతే పనికిరాకుండా పోతుందా? ఉండమ్మా, నేను చూస్తాను."

ఆన్ చేశారు. తెర వెలగగానే కంపెనీ బొమ్మ, దాని అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఒక వరస. చదివేలోపే మాయం. ఇన్నేళ్ళుగా కొడుకూ కోడలూ రోజూ ఆ మిషనుని ఆన్ చేశారు గదా, ఆ వరసలో ఏముందో ఒక్కరికైనా పట్టిందా? ఈయన దాన్ని చదివేదాకా ఆన్ చేస్తూ ఆపుతూనే ఉన్నారు. ఫలానా మీట నొక్కితే సెట్టింగుల్లోకి వెళ్ళొచ్చని ఉంది. నొక్కారు. ఎప్పుడూ చూడని పేజీ తెరుచుకుంది. లోపల ఎంత వేడి ఉందో, ఫ్యాను ఎంత జోరు మీద ఉందో, చిప్పు ఎంత స్పీడులో నడుస్తోందో, దానికెంత కరెంటు అందుతోందో, అన్నీ అంకెలతో సహా. దాన్ని బయాస్ అంటారని తరవాత తెలిసింది. కంప్యూటరు కళ్ళు తెరవగానే, మిగతా పనులేవీ మొదలెట్టకముందే, తన ఒంట్లో ఏమేం ఉన్నాయో చూసుకునే చోటు అది.

"అరె! ఇది మన లేతు గేరుపెట్టే కదే!" అని వంటింట్లోకి వినబడేలా కేకేశారు. వంటింట్లోంచి ఏదో జవాబొచ్చింది. తల ఊపారు.

అక్కణ్ణుంచి ఆయనకి అదే లోకం. ఫోనులో వీడియోలు పెట్టి వినేవారు, అదీ ఎంత గట్టిగానంటే, బయాస్ అంటే ఏమిటో, చిప్పు స్పీడు పెంచితే కరెంటు కూడా ఎందుకు పెంచాలో, వీధిలో కూరగాయలు బేరమాడేవాళ్ళకి కూడా తెలిసిపోయింది. అదృష్టం కొద్దీ కొడుకు ఆటల పిచ్చితో కొన్నది గనక, ఆ బోర్డు స్పీడు మార్చుకోనిచ్చే రకం. లేతు దగ్గర నేర్చుకున్న పద్ధతే ఇక్కడా పెట్టుకున్నారు. ఒక్కసారికి ఒక్క పిడే తిప్పాలి. తిప్పి, ఉత్తగా నడిపించాలి. అరచెయ్యి ఆనించి వేడి చూడాలి. బాగుంటేనే ఇంకో మెట్టు.

ఓసారి ఆశపడి స్పీడూ కరెంటూ రెండు పిడులూ ఒకేసారి తిప్పారు. తెర నల్లబడింది. ఉలుకూ లేదు పలుకూ లేదు. భార్య గుమ్మంలోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, "అయిందా పెళ్ళి?" అని అడిగింది. ఆయన ఫోనులో వెతికి, బోర్డు మీద బిళ్ళలాంటి చిన్న బ్యాటరీ ఉంటుందనీ, దాన్ని తీసి కాసేపాగి మళ్ళీ పెడితే కంప్యూటరు మార్పులన్నీ మర్చిపోయి మొదటిలాగే లేస్తుందనీ తెలుసుకున్నారు. తీశారు, పెట్టారు, లేచింది. ఆయన ముచ్చట చూడాలి అప్పుడు!

"ఎంత మంచి మిషనో చూశావా! తప్పు చేస్తే మర్చిపోయి మళ్ళీ మొదలెడుతుంది. మా లేతయితే వేలు పట్టుకుపోయేది."

మెల్లమెల్లగా స్పీడు పెరిగింది. పెరిగిన కొద్దీ ఫ్యాను పూనకం పట్టినట్టు హోరెత్తింది. ఆ హోరు ఆయనకీ వినబడింది. బయాస్‌లోనే ఫ్యాను పేజీ ఒకటి పట్టుకుని, దుమ్ము దులిపి, చిప్పు మీద వేడిని లాగే కొత్త లేపనం పూసి, దాన్ని దారిలో పెట్టారు. హోరు తగ్గింది. చెవి ఆనించి విన్నారు. ఈగ వాలిన చప్పుడు కూడా లేదు. సగం పూట పట్టే పని టీ చల్లారేలోపు అయిపోతోంది. కోడలు రెండు చేతులూ జోడించి నవ్వింది. టర్నరు గారికి ఆ పూట నేల మీద కాలు నిలవలేదు.

నమూనా చదవాల్సిన రోజుకి ముందురోజు ఆయన కంప్యూటరు పక్కరేకు బిగిస్తున్నారు. కోడలు గుమ్మంలో నిలబడింది. పెదాలు కదిలాయి, చెయ్యి కంప్యూటరు వైపు చూపింది. మెచ్చుకుంటోంది కాబోలు అనుకుని, ఆయన ఒక్కో మరా బిగిస్తూనే తల ఊపారు. "అలాగేనమ్మా, అలాగే" అన్నారు. కోడలు తృప్తిగా వెళ్ళిపోయింది. మర్నాడు తలుపేసుకుని చదివింది, శుభ్రం చేసింది, పంపింది.

వారం తిరక్కుండా జవాబొచ్చింది. గొంతు చాలా బాగుంది, కానీ వెనక మొదట్నుంచీ చివరిదాకా సన్నటి కూత ఉంది, మా శ్రోతలు చెవులతోనే పుస్తకం చదువుతారు గనక ఇది పంపలేం, మరొక్కసారి అవకాశం ఇస్తాం, అప్పుడూ ఇలాగే ఉంటే వేరేవాళ్ళని చూసుకుంటాం. ఇదీ సారాంశం.

కోడలు తిన్నగా మామగారి ముందుకొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు, మొహంలో నిప్పులు.

"చెప్పాను కదా మామయ్యా! మీరు స్పీడు పెంచిన దగ్గర్నుంచీ కూత వస్తోంది, రికార్డింగు పూటకి పాతలా మార్చెయ్యండని గుమ్మంలో నిలబడి చెప్పాను కదా!"

"నువ్వెప్పుడు చెప్పావమ్మా?"

"చెప్పాను. మీరు అలాగేనన్నారు. మార్చేశారనుకున్నాను. చదివేటప్పుడు కాస్త వినబడినా, పాత మిషనుకిది మామూలేలే, శుభ్రం చేస్తే పోతుందిలే అనుకున్నాను. ఇప్పుడీ ఒక్క అవకాశం కూడా పోతే నేనింక ఎక్కడ చదవాలి? వంటింట్లో గిన్నెలకా?"

"కూతా? ఏం కూత? నేను చెవి పెట్టి మరీ విన్నాను. చప్పుడే లేదు!"

కోడలు ఆయన చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళింది. తెర మీద తన గొంతుని బొమ్మగా చూపించింది. అడుగున మాటలు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. పైన, కీచుమనే శబ్దాలుండే అంచుల్లో, తాడు కట్టి గీసినట్టు ఒక సన్నటి గీత.

"ఇదే మామయ్యా ఆ కూత. మాటలు తీసేసి దీన్నొక్కదాన్నే పెద్దది చేసి వినిపిస్తాను, వినండి."

టర్నరు గారు ఒళ్ళంతా చెవులు చేసుకున్నారు.

"పెట్టమ్మా."

"పెట్టాను మామయ్యా."

"ఊఁ, పెట్టు మరి."

అంతలో వంటింట్లోంచి ఆయన భార్య గరిటతో సహా పరుగెత్తుకొచ్చింది. రెండు చెవులూ మూసుకోబోతే గరిట అడ్డం వచ్చింది. "ఆపండర్రా బాబూ! చెవుల్లో సూదులు గుచ్చినట్టుంది!" అని అరిచింది. ప్రహరీ మీద పడుకున్న పిల్లి లేచి పక్కింట్లోకి దూకింది. టర్నరు గారు భార్య మొహం చూశారు, కోడలి మొహం చూశారు, స్పీకరు వంక చూశారు. ఆయన వరకూ గది నిశ్శబ్దంగా ఉంది.

"స్పీకరు పాడైంది" అన్నారు.

విప్పారు కూడా. పాపం, లోపల దానికే రోగమూ లేదు.

ఆ సాయంత్రం ఆయన వీధి మెట్ల మీద కూర్చున్నారు. సిగ్గేసింది, కోడలి ముందు తల ఎత్తలేననిపించింది. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? వినబడని చప్పుడు ఎలా ఉంటుందో తెలుసుకోవాలనిపించింది. లోపలికెళ్ళి భార్యని పిలిచి, ఫోనులో ఒక వీడియో పెట్టారు. అడుగు నుంచి మొదలై సన్నసన్నగా పైకి పోయే శబ్దం అది. వినబడినంత సేపూ ఇద్దరూ వేలు ఎత్తి ఉంచాలని పందెం. మొదట్లో ఇద్దరి వేళ్ళూ పైనే ఉన్నాయి. ఒక చోట ఆయనకి శబ్దం ఆగిపోయింది. వేలు దించి చూస్తే, భార్య వేలు ఇంకా నిలబడే ఉంది. అలా చాలాసేపు నిలబడింది.

"అబ్బో! అక్కడ ఇంత ఉందా?" అన్నారు. ఆ గొంతులో దిగులెంతో ఆశ్చర్యమూ అంతే.

"ఉంది."

"ఎప్పట్నుంచి నాకిలా?"

"మీరు ఉద్యోగంలో ఉండగానే. డాక్టరు దగ్గరికెళ్దామని ఎన్నిసార్లు చెప్పానో!"

"చెప్పావా? మరి నేనేమన్నాను?"

"తలూపారు."

వయసు మీద పడి ఈవిడ గొంతు తగ్గిపోయిందనీ, ఒకప్పటిలా తనతో దెబ్బలాడే ఓపిక లేదనీ ఆయన ఇన్నాళ్ళూ జాలిపడుతూ వచ్చారు. తీరా చూస్తే ఆవిడ దెబ్బలాట ఒక్క రోజు కూడా ఆపలేదట.

మర్నాడు పొద్దున్నే ఆయన కోడలి దగ్గరికి వెళ్ళారు. "పూర్తిగా పాతలా మార్చేస్తే కూత పోతుంది గానీ, మళ్ళీ మాట మింగుతుంది. రెండూ లేకుండా చేస్తాను. కానీ ఈ పని నా ఒక్కడి వల్ల కాదు. మీ అత్తయ్య చెవులు కావాలి" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో మొహం చూస్తే తెలుస్తోంది.

అలా అత్తగారు కంప్యూటరు పక్కన పీట వేసుకుని కూర్చుంది. కూతకి గుర్తులు కావాలంటే, షెడ్డులో వాడిన సైగలే టర్నరు గారు ఆవిడకి నేర్పారు. వేలు పైకెత్తితే కూత పెరిగినట్టు, అరచెయ్యి దించితే తగ్గినట్టు, పిడికిలి బిగిస్తే పూర్తిగా ఆగినట్టు. "కాపురానికొచ్చిన ఇన్నేళ్ళకి నాకు మీ ఫ్యాక్టరీలో ఉద్యోగమిచ్చారు" అంది ఆవిడ. ఈసారి ఎదురుగా కూర్చుని అంది గనక వినబడింది. ఆయన పకపకా నవ్వారు.

ఆయనకొక నమ్మకం ఉంది. లేతు మీద కోత లోతుగా పడితేనే పనిముట్టు వణికి కూస్తుంది. కాబట్టి కంప్యూటరు కూడా బరువు మోసేటప్పుడే కూస్తూ ఉండాలి. భారమైన పని పెట్టి భార్య వంక చూశారు. అరచెయ్యి కిందికి దిగింది. పని ఆపేశారు. వేలు ఠక్కున పైకి లేచింది.

"అదేంటి? నువ్వు తిరగేసి చూపిస్తున్నావు."

"నేనేం తిరగెయ్యలేదు. మీ మిషను ఊరికే కూర్చున్నప్పుడే ఎక్కువ కూస్తోంది."

"ఊరికే కూర్చున్నది కూయడమేంటి?"

"ఏమో, నన్నడిగితే? మీరు ఊరికే కూర్చున్నప్పుడే కదా ఇంట్లో గోల!"

టర్నరు గారికి అదే చాలు. ఫోను పట్టుకుని కూర్చున్నారు. చివరికి దొరికింది. పని లేనప్పుడు చిప్పు కరెంటు ఆదా చెయ్యడానికి కునుకు తీస్తుందట. మనం కన్నార్పేలోపు కొన్ని వేలసార్లు కునుకు తీసి లేస్తుందట. పడుకున్నప్పుడల్లా కరెంటు తగ్గి, లేచినప్పుడల్లా ఎగదన్ని, బోర్డు మీది తీగచుట్టలు వణికి కూస్తాయట. తను స్పీడు కోసం కరెంటు పెంచి కూర్చోబట్టి ఆ ఎగదన్నడం ఇంకా ఎక్కువైంది. కోడలు పుస్తకం చదువుతున్నంతసేపూ దానికి బరువు పని ఏముంటుంది గనక? కునికిపాట్లు పడుతూ, లేస్తూ, మైకు పక్కనే కూర్చుని కూస్తోందన్నమాట.

"భలే దొంగవే!" అన్నారు కంప్యూటరుని.

బయాస్‌లో ఎక్కడో లోపలి పేజీలో ఆ కునుకు పిడి ఉంది. దాన్ని కట్టేశారు. అరచెయ్యి సగం దిగింది. స్పీడు ఒక మెట్టు తగ్గించారు. ఇంకాస్త దిగింది. తరవాత కరెంటు పిడి పట్టుకుని, మెట్టు తరవాత మెట్టు కిందికి దింపుతూ, ప్రతి మెట్టు దగ్గరా మిషను నిలబడుతుందో లేదో చూస్తూ, వేడి తన అరచేత్తోనూ కూత భార్య అరచేత్తోనూ కొలుచుకుంటూ వచ్చారు. ఒకసారి మరీ దించితే తెర నల్లబడింది. ఎవరూ కంగారు పడలేదు. బిళ్ళ తీసి, పెట్టి, మళ్ళీ మొదలెట్టారు. కోడలు గుమ్మంలో గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. అత్తగారు కళ్ళు మూసుకుంది, తల వంచి రేకుకి చెవి ఆనించింది, మెల్లగా పిడికిలి బిగించింది.

కోడలు గబగబా వచ్చి, ఉత్త గదిని కాసేపు రికార్డు చేసి తెర మీద చూసింది. పైన గీత లేదు.

రెండోసారి చదివిన పూట టర్నరు గారు గది బయట కుర్చీ వేసుకుని కాపలా కాశారు. తలుపు తట్టడానికొచ్చిన పాలవాణ్ణి సైగలతోనే పంపేశారు. సంస్థ నుంచి జవాబు తొందరగానే వచ్చింది. చాలా శుభ్రంగా ఉంది, మొదటి పుస్తకం పంపుతున్నాం అని. కోడలు ఆ సంగతి అత్తగారిని పట్టుకుని ఊపేస్తూ చెప్పింది, మామగారికి ఎదురుగా వచ్చి రెండోసారి చెప్పింది.

"ఇంత చేశాం గదా, నువ్వేం చదివావో నాకు వినాలనుందమ్మా" అన్నారు ఆయన.

ఆయన్ని తన కుర్చీలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టింది. మొదట పెట్టినప్పుడు ఆయన మొహమాటంగా తల ఊపారు. కోడలు ఆ తలని నమ్మలేదు. అత్తగారితో వేలెత్తించిన వీడియోనే మామగారికి మళ్ళీ పెట్టి, ఆయనకి ఎక్కడ శబ్దం ఆగిపోతోందో పట్టుకుంది. ఇక అక్కణ్ణుంచి పైనున్న సన్నటి శబ్దాలన్నీ ఒక్కొక్క మెట్టే పెంచుతూ వచ్చింది, ఆయన బయాస్‌లో చేసినట్టే. ఒక మెట్టు పెంచడం, ఆయన మొహంలోకి చూడ్డం, ఇంకో మెట్టు. ఒక చోట టర్నరు గారి కళ్ళు పెద్దవయ్యాయి.

పుస్తకంలో వాన పడుతోంది. ఎవరో గొడుగు లేకుండా వీధిన పడి పరుగెడుతున్నారు. మాటల అంచులు, ఆయన ఎన్నేళ్ళుగానో ఊహించుకుని నింపుకుంటున్న అంచులు, విడివిడిగా వచ్చి చెవిలో పడుతున్నాయి. ఆ గొంతు గలగల్లాడుతోంది, ఆటపట్టిస్తోంది, ఉన్నట్టుండి అదిలిస్తోంది. ఈ గొంతు తన ఇంట్లోనే, తన పక్క గదిలోనే ఉంది. టర్నరు గారికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

రికార్డింగు ఆగింది. కోడలు మైకు ముందుకి వంగి నేరుగా ఆయన చెవిలోకే అంది: "మామయ్యా, నా నోట్లో నాలుక లేదని ఇంకెవరికీ చెప్పకండి. నవ్వుతారు."

"చెప్పనమ్మా" అన్నారు ఆయన, కళ్ళు తుడుచుకుంటూ. "పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ ఏమేం మాట్లాడావో, అవన్నీ మళ్ళీ చెప్పు."

హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టారు. గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఆవిడ పెదాలు కదిలాయి. టర్నరు గారి మెడ అలవాటుగా కిందికి దిగబోయి, ఆగిపోయింది.

"వినబళ్ళేదు" అన్నారు. "దగ్గరికొచ్చి చెప్పు."

ఆవిడ వచ్చి ఎదురుగా పీట మీద కూర్చుంది. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలియక ఆయన మొహంలోకి చూసింది. ఆయన ఆవిడ పెదాల వంక చూస్తూ, తల కదపకుండా ఎదురుచూశారు.